మరమ్మతా, మార్పా? – అమీర్‌పేట నుండి బాలానగర్ దాకా ఒక యంత్రచరిత్ర

‘మరమ్మతు’ అనే మాటలో ‘మర’ కనబడుతున్నది గనుక అది మన తెలుగు ‘మర’ నుండే పుట్టిందని అనుకొనేవారు కొందరున్నారు. ఆ రెంటికీ చుట్టరికం లేదు. మర అంటే యంత్రం. పిండిమర, మరమేకు మొదలైనవి దాని సంతానం. మరమ్మతు అరబ్బీ మాట. ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చి మన వాడుకలో స్థిరపడింది. చుట్టరికం లేకపోయినా హైదరాబాదులో ఈ రెండు మాటలూ ఒకే చూరు క్రింద బ్రతికాయి. పాతబడిన మరను మరమ్మతు చేసుకోవాలా, దాని స్థానంలో కొత్తది తెచ్చుకోవాలా అన్న ప్రశ్న ఈ నగరపు కర్మాగారాలను ఎనభై ఏండ్లుగా వెన్నంటి ఉన్నది. ఆ ప్రశ్న చరిత్రే ఈ టపా.

పద్యాలు చెప్పుకొనే చోట ఇనుము గొడవ ఏమిటని మిత్రులు అనుకోవచ్చు. నేను ఉంటున్నది అమీర్‌పేటలో. ఈ పేరు వినగానే ఎవరికైనా మైత్రీవనం చుట్టూ ఉన్న కంప్యూటర్ శిక్షణాలయాలు గుర్తుకు వస్తాయి. కాని ఇదే కూడలి నుండి బల్కంపేట మీదుగా వెళ్ళి ఫతేనగర్ వంతెన దాటితే బాలానగర్. ఎర్రగడ్డ వైపు వెళితే సనత్‌నగర్. లోహాన్ని మైక్రాన్ల లెక్కలో చెక్కే షెడ్లు వందలకొలది అక్కడ ఉన్నాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన తల వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. ఈ కొలతతో మనకు ముందు ముందు పని పడుతుంది.

మొదట ఈ యంత్రం సంగతి. కొయ్యను తిప్పుతూ ఉలితో చెక్కే సాధనాన్ని మనవారు ‘తరిమెన’ అన్నారు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసేవారి పని నేటికీ తరిమెన పనియే. అక్కడ వస్తువు తిరుగుతుంది, ఉలి నిలిచి ఉంటుంది. మిల్లింగ్ యంత్రంలో దీనికి విపర్యయం. ఉలి తిరుగుతుంది, బల్లమీద బిగించిన లోహం ముందుకూ వెనుకకూ పక్కకూ కదులుతుంది. ఆ కదలికలను మనిషి చేతిచక్రాలతో కాక అంకెలతో నడిపించడమే సి.ఎన్.సి., అనగా కంప్యూటర్ ద్వారా సంఖ్యానియంత్రణ. ‘యంత్రం’ అనే సంస్కృత పదానికి మూలమైన ధాతువుకు కూడా అదుపులో ఉంచడం అనే అర్థమే. కనుక ‘యంత్రనియంత్రణ’ అన్నప్పుడు మనం ఒకే అర్థాన్ని రెండుమార్లు పలుకుతున్నాము.

ఈ సంఖ్యానియంత్రణ అమెరికాలో హెలికాప్టర్ రెక్కల పుణ్యమా అని పుట్టింది. ఆ రెక్కల వంపులను చేతిపనితో సరిగా దించడం కష్టమై జాన్ పార్సన్స్ అనే ఆయన, వంపును వందలాది బిందువులుగా లెక్కగట్టి, ఆ అంకెల ప్రకారం ఉలిని నడపాలని తలపెట్టాడు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ వారు 1952లో రంధ్రాల కాగితపు పట్టీతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించారు. రంధ్రాలతో యంత్రాన్ని శాసించడం అప్పటికే పాత విద్య. 1804 ప్రాంతంలోనే ఫ్రాన్సులో జకార్డ్ తన మగ్గాన్ని రంధ్రాల అట్టలతో నడిపాడు. మన నేతపట్టణాలలో జకార్డ్ పేరు తెలియని నేతగాడు ఉండడు. 1958లో కియర్నీ అండ్ ట్రెకర్ సంస్థ ‘మిల్వాకీ మేటిక్’ అనే యంత్రాన్ని తెచ్చింది. అది ఒక పని ముగియగానే తన ఉలిని తానే మార్చుకొని మరొక పనికి పూనుకొనేది. మిల్లింగ్, డ్రిల్లింగ్, బోరింగ్ ఒకేచోట జరిగే ఇట్టి యంత్రానికే మెషినింగ్ సెంటర్ అని పేరు.

* * *

ఇక మన నగరానికి వద్దాం.

నిజాం ప్రభుత్వం 1929లో ఏర్పరచిన పారిశ్రామిక ధర్మనిధి ఇక్కడి పెక్కు పరిశ్రమలకు పెట్టుబడి అయింది. సనత్‌నగర్‌లో పేరుగాంచిన ఆల్విన్ సంస్థ 1942లో ఆ నిధి భాగస్వామ్యంతోనే పుట్టింది. మరుసటి సంవత్సరం, అంటే 1943లో, సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ ఏర్పడింది. తక్కినవారు వస్తువులు చేస్తే, ప్రాగా ఆ వస్తువులు చేసే యంత్రాలను చేసింది. గ్రైండింగ్ యంత్రాలు, లేత్ చక్కులు దాని సరుకు. 1969లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక వ్యాజ్యంలో ఈ సంస్థ వాటాల లెక్క నమోదైంది: కేంద్ర ప్రభుత్వానికి 56 శాతం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి 32 శాతం, మిగిలిన 12 శాతం ప్రైవేటు వ్యక్తులకు. యంత్రాలు చేయడం ప్రభుత్వాల బాధ్యత అని నమ్మిన కాలం అది.

బెంగళూరులో 1953లో మొదలైన హెచ్.ఎం.టి., 1960ల మధ్యలో మన నర్సాపూర్ రోడ్డులోనూ కర్మాగారం పెట్టింది. దానిలో ముఖ్యంగా మిల్లింగ్ యంత్రాలు, ప్రత్యేక కార్యాలకు ఉద్దేశించిన యంత్రాలు తయారయ్యేవి. 1968లో ఐక్యరాజ్యసమితి సహాయంతో బాలానగర్‌లో కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ వెలసింది. ఒకవైపు యంత్రాలు చేసేవారు, మరొకవైపు ఆ యంత్రాలకు కావలసిన డైలు, ఫిక్చర్లు గీసేవారు. నగర పరిసరాలలోనే విద్యుత్ పరికరాలకు బి.హెచ్.ఇ.ఎల్., క్షిపణులకు డి.ఆర్.డి.ఎల్., అణు ఇంధనానికి ఎన్.ఎఫ్.సి. ఇరవై ఏండ్ల లోపల ఒక్కొక్కటిగా చేరాయి. అవి చేసే వస్తువులలో పిసరంత తప్పుకు కూడా చోటు లేదు. నగరానికి కఠినమైన పని అలవాటయింది ఈ విధంగానే.

ఆ రోజులలో యంత్రం మార్చడం యజమాని చేతిలో లేదు. విదేశీ యంత్రం కావాలంటే దిగుమతి లైసెన్సు తెచ్చుకోవాలి. అట్టిది స్వదేశంలో తయారు కావడం లేదని ప్రభుత్వ సాంకేతిక శాఖ నుండి ధ్రువీకరణ తేవాలి. విదేశీ మారకద్రవ్యం మంజూరు కావాలి. ఇన్ని గుమ్మాలు దాటేలోగా ఏ పని కోసం యంత్రం అడిగారో ఆ పనే చేజారవచ్చు. అందుచేత ఉన్నదానికే ప్రాణం పోయడం ఒక విద్యగా వృద్ధి పొందింది. అరిగిన పట్టాలను ‘స్క్రేపింగ్’ చేసేవారు. అంటే రంగు పూసి, సమతలమైన పలకతో రుద్ది, ఎత్తుగా ఉన్న చోటును గుర్తించి, చేతి ఉలితో పలుచని పొరగా గీరి, మళ్ళీ రంగు పూసి చూడడం. ఒక బెడ్డుకు ఇట్లా దినాలకొలది పని పట్టేది. ఆ పని తెలిసినవారిని బాలానగర్‌లో ‘ఉస్తాద్’ అన్నారు.

ఈ విద్యలో నుండే ఒక పెద్ద సంస్థ పుట్టడం చెప్పుకోదగిన సంగతి. హెచ్.ఎం.టి.లో పనిచేసి బయటికి వచ్చిన పి. రవీంద్రారెడ్డి, మరి ఇద్దరు సహచరులతో కలిసి 1970లో బాలానగర్‌లో ‘ఎం.టి.ఏ.ఆర్.’ స్థాపించారు. ఆ నాలుగు అక్షరాలను విప్పితే ‘మెషిన్ టూల్ ఎయిడ్స్ అండ్ రీకండిషనింగ్’. పాత యంత్రాలను పునరుద్ధరించడం అని పేరులోనే ఉన్నది. మరమ్మతు పేరుతో మొదలైన ఆ సంస్థ తరువాతి కాలంలో అణువిద్యుత్ కేంద్రాలలో ఇంధనం మార్చే యంత్రపు శిరోభాగాలను, ఇస్రో వారి వికాస్ ఇంజన్లను తయారుచేసింది. 2021 మార్చిలో దాని వాటాలు బహిరంగ విక్రయానికి వచ్చినప్పుడు పత్రికలన్నీ దానిని అంతరిక్ష, అణు రంగాల సంస్థగా వర్ణించాయి. పేరులోని మరమ్మతును పట్టించుకున్నవారు తక్కువ. నా దృష్టిలో అసలు రహస్యం అక్కడే ఉన్నది. యంత్రాన్ని విప్పి, అది ఎక్కడ అరుగుతుందో, ఎందుకు వణుకుతుందో చేతులతో తెలుసుకొన్నవారికి, ఆ యంత్రం చేత ఎంత పని చేయించవచ్చునో కూడా తెలుస్తుంది.

స్వదేశపు లైసెన్సులకు తోడు విదేశాల నిరాకరణ కూడా వచ్చిపడింది. 1974 పోఖ్రాన్ పరీక్ష తరువాత అణు సామగ్రి ఎగుమతి చేసే దేశాలు ఒక కూటమిగా ఏర్పడ్డాయి. 1987లో క్షిపణి సాంకేతికతపై మరొక కట్టుబాటు వచ్చింది. ఆ ఏడే తోషిబా ఉదంతం బయటపడింది. ఆ సంస్థ అనుబంధ శాఖ, అనేక అక్షాలపై నడిచే మిల్లింగ్ యంత్రాలను నిషేధం దాటి సోవియట్ యూనియన్‌కు అమ్మింది. జలాంతర్గాముల ప్రొపెల్లర్లను చప్పుడు లేకుండా చెక్కడానికి అవి పనికివచ్చాయని అమెరికా ఆరోపణ. అమెరికా శాసనసభ్యులు కొందరు తమ సభాభవనం ముందర తోషిబా రేడియోను సుత్తులతో పగులగొట్టారు. ఒక మిల్లింగ్ యంత్రం కోసం ఇంత కోపమా అని మనకు వింతగా తోస్తుంది. దేని విలువ ఎంతో తెలిసినవారికే దాని మీద అంత కోపం వస్తుంది. 1992లో అమెరికా, క్రయోజెనిక్ ఒప్పందం విషయమై ఇస్రో పైననే ఆంక్షలు విధించింది. ఐదు అక్షాల యంత్రాల ఎగుమతిపై 1996 నాటి వాసెనార్ ఒడంబడిక కట్టడి నేటికీ ఉన్నది. కొనేవాడు దానిని దేనికి వాడతాడో చెప్పవలసి ఉంటుంది.

1991 జులై తరువాత లైసెన్సుల గుమ్మాలు తొలగాయి, సుంకాలు క్రమంగా తగ్గాయి. జపాను, తైవాను, జర్మనీ, కొరియా యంత్రాలు బాలానగర్ షెడ్లలోకి వచ్చాయి. అమ్మడానికి ఏజెంట్లు, అప్పివ్వడానికి బ్యాంకులు ముందుకు వచ్చారు. ఇక్కడి యంత్రాల తయారీదారులకు అదే గడ్డుకాలమైంది. ప్రాగా అప్పటికే, 1988లో, హెచ్.ఎం.టి.కి అనుబంధమై, తరువాత దానిలోనే కలిసిపోయింది. మౌలాలిలోని హెచ్.ఎం.టి. బేరింగ్స్‌ను మూసివేయడానికి 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. యంత్రాలు చేసిన నగరం ఎక్కువగా యంత్రాలు కొనే నగరమైంది. ఎన్నుకొనే స్వేచ్ఛ వచ్చింది; ఎన్నుకొనే కష్టమూ దానితో వచ్చింది.

* * *

ఆ కష్టం ఎట్టిదో నాకు దగ్గరగా తెలిసింది నా పూర్వవిద్యార్థి ఒకని వల్ల. అతనికి బాలానగర్‌లో చిన్న షెడ్డు ఉన్నది. పద్నాలుగు మంది పనివారు. ఇరవై ఏండ్ల నాటి ఒక నిలువు మెషినింగ్ సెంటర్ మీద మందుల కర్మాగారాలకు కావలసిన స్టెయిన్‌లెస్ స్టీలు భాగాలు చేసేవాడు. దానిని నడిపే కంట్రోలరుకు విడిభాగాలు దొరకడం మానేశాయి. సరిగ్గా అప్పుడే అతనికి, విరిగిన ఎముకలను బిగించే టైటానియం పలకల పని వచ్చే అవకాశం కలిగింది. కొత్త యంత్రానికి చేయవలసిన అప్పు అతని ఇంటి విలువను మించినది. “సార్, ఎన్నిక తప్పితే నేనొక్కడినే కాదు, పద్నాలుగు ఇండ్లు రోడ్డున పడతాయి” అన్నాడు.

ఎముకల పలక అంటే ఈ పరిసరాల వారికి దూరపు మాట కాదు. పంజాగుట్టలోని నిమ్స్ 1964లో నిజాం ధర్మనిధి పక్షాన ఎముకల వైద్యశాలగానే ప్రారంభమైంది. 1989 నాటి శాసనంతో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందింది. కలాం గారు క్షిపణుల కోసం తయారైన తేలికపాటి పదార్థంతో, అక్కడి పోలియో బాలల కోసం కాలిపట్టీలు చేయించిన కథను ఆయనే పలు ప్రసంగాలలో చెప్పారు. మూడు కిలోలకు పైబడిన లోహపు పట్టీ మూడువందల గ్రాములకు దిగింది. ఆ కథలో పదార్థమూ పరిశోధనశాలా అదివరకే ఉన్నాయి. పిల్లవాడు ఈడుస్తున్న బరువును ఒక వైద్యుడు గుర్తుచేసిన తరువాతనే అవి ఆ పనికి వచ్చాయి. ప్రయోజనం మొదట, సాధనం తరువాత.

నా విద్యార్థి కూడా అట్లే మొదలుపెట్టాడు. అతడు చేసిన లెక్కలను నాకు అర్థమైన మేరకు వివరిస్తాను.

కేటలాగులో పెద్ద అక్షరాలతో కనబడేది స్పిండిల్ వేగం. నిమిషానికి పన్నెండు వేల చుట్లు, ఇరవై వేల చుట్లు అని ఊరిస్తారు. పది మిల్లీమీటర్ల ఉలితో అల్యూమినియాన్ని నిమిషానికి 400 మీటర్ల వేగంతో కోయాలంటే సుమారు 12,700 చుట్లు కావాలి. అదే ఉలితో టైటానియాన్ని కోసేటప్పుడు వేగం 60 మీటర్ల దగ్గర ఆపాలి. అప్పుడు కావలసినవి సుమారు 1,900 చుట్లే. టైటానియం వేడిని తనలో పారనివ్వదు. పుట్టిన వేడి అంతా ఉలి అంచుననే నిలిచి దానిని తినివేస్తుంది. కాబట్టి ఈ పనికి వేగం కంటె తక్కువ చుట్లలో ఎక్కువ బలం, కంపించని దేహం ముఖ్యం. ఇరవై వేల చుట్ల యంత్రానికి ఎక్కువ వెల చెల్లించి, దానిని రెండు వేలతో నడపడం పందెపు గుర్రాన్ని నాగలికి కట్టడమే.

రెండవది వేడి. మీటరు పొడవు గల ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే పదకొండు పన్నెండు మైక్రాన్లు పెరుగుతుంది. బల్లను నడిపే బాల్ స్క్రూ అరమీటరు ఉన్నదనుకొందాం. వేసవిలో పొద్దుటికీ మధ్యాహ్నానికీ షెడ్డులో పది డిగ్రీల తేడా వస్తే, అది దాదాపు అరవై మైక్రాన్లు సాగుతుంది. అది ఇంచుమించు ఒక వెంట్రుక మందం. ఉదయం ఒప్పిన పలక మధ్యాహ్నం తిరస్కారానికి గురి అవుతుంది. చల్లని ప్రదర్శనశాలలో చూపే కచ్చితత్వం మే నెల బాలానగర్‌లో ఉంటుందని నమ్మరాదు.

మూడవది అక్షాల సంఖ్య. ఎముకను పట్టి ఉంచే పలకకు రంధ్రాలు ఒక్కొక్కటి ఒక్కొక్క కోణంలో ఉంటాయి. మూడక్షాల యంత్రంమీద ఒక్కొక్క కోణానికీ పలకను విప్పి మళ్ళీ బిగించాలి. బిగించిన ప్రతిసారీ కొంత దోషం వచ్చి చేరుతుంది. బల్లమీదనే రెండు దిక్కులా వంగి తిరిగే టేబుల్ ఉంటే ఒక్క బిగింపుతో పని ముగుస్తుంది.

నాలుగవది, కేటలాగులో కనబడనిది: చెడినప్పుడు మనిషి ఎంతసేపటికి వస్తాడు, విడిభాగం ఎక్కడి నుండి వస్తుంది అనేది. పాత కంట్రోలరు నేర్పిన పాఠం అదే.

మన రైతు సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్ళు పట్టి చూస్తాడు, సుడులు చూస్తాడు, ఆపైన కాడి కట్టి నాలుగు చాళ్ళు దున్నించి చూస్తాడు. ఇతడూ అట్లే చేశాడు. తన టైటానియం దిమ్మెలను తానే తీసుకువెళ్ళి, ముగ్గురు విక్రేతల దగ్గర తన పలకనే కోయించాడు. ఒక్క ముక్కతో ఊరుకోలేదు. ఉదయం నుండి సాయంత్రం దాకా ముప్పై ముక్కలు చేయించి, అన్నిటినీ ఒకే సాధనంతో కొలిపించాడు. మొదటి ముక్క అందరిదీ బాగానే ఉన్నది. ముప్పయ్యవ ముక్క దగ్గర ఎవరేమిటో తెలిసింది.

చివరకు మధ్యస్థమైన వేగం, అధిక బలం గల కొత్త యంత్రాన్ని వంగే టేబుల్‌తో సహా తీసుకొన్నాడు. పాతదానిని అమ్మలేదు. దాని పోత ఇనుప దేహం ఇరవై ఏండ్లకు కూడా గట్టిగానే ఉన్నది. పోత ఇనుము పోసిన కొత్తలో లోలోపల బిగువులతో ఉంటుంది. ఆ బిగువులు సడలడానికి పూర్వకాలపు తయారీదారులు దిమ్మెలను నెలల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట వదిలేవారు. అట్లా స్థిరపడిన దేహాన్ని తుక్కుకు వేయడానికి అతని ఉస్తాదుకు మనసొప్పలేదు. పట్టాలను గీరించి, కొత్త మోటార్లు, కొత్త కంట్రోలరు బిగించి, మొదటి ముతక కోతలను దానికి అప్పగించారు. కొత్తది చివరి నగిషీ మాత్రమే చేస్తుంది. దాని ఉలి మీద భారం తగ్గింది, అతని అప్పు మీద కూడా కొంత తగ్గింది. ‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అన్న సామెతను అతడు ఆ విధంగా తిరగవేశాడు.

మరొక్క సంగతి. కొత్త యంత్రానికి ప్రోగ్రాం వ్రాసేది అమీర్‌పేటలో శిక్షణ పొందిన ఇరవైరెండేండ్ల అమ్మాయి. తెరమీద పలకను ఎటు తిప్పినా ఉలి దారి ఆమెకు కనబడుతుంది. ఉస్తాదుకు తెర సంగతి తెలియదు. కాని ఉలి లోహంలో దిగిన మరుక్షణం వచ్చే ధ్వనిని బట్టి, అది ఎన్ని పలకలకు నిలుస్తుందో చెబుతాడు. మొదటి వారం ఆమె లెక్క ప్రకారం నడిపితే ఉలులు విరిగాయి. ఆయన చెవి ప్రకారం నడిపితే పని సాగలేదు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్న తరువాతనే పలకలు బయటికి వచ్చాయి. ‘ఆడలేక మద్దెల ఓడు’ అనవలసిన అవసరం వారికి కలగలేదు.

నా మటుకు ఈ ఎనభై ఏండ్ల చరిత్ర నుండి ఏరుకొన్న మాట ఇది. లైసెన్సుల కాలంలో మార్చే వీలు లేక మరమ్మతు నేర్చుకొన్నారు. నిరాకరణల కాలంలో ఇవ్వమన్నవాటిని తామే చేసుకోవడం నేర్చుకొన్నారు. ఆ రెండు విద్యలూ తెలిసిన చేతులకే నేటి స్వేచ్ఛ ఉపయోగపడుతున్నది. పాతదానిని విప్పి చూచినవాడే కొత్తదానిని తెలిసి కొనగలడు. స్క్రేపింగ్ తెలిసిన ఉస్తాదులు వృద్ధులయ్యారు. వారి వద్ద కూర్చొని నేర్చుకొనే పిల్లలు తక్కువ. అమీర్‌పేట గోడలమీద వేయి కోర్సుల ప్రకటనలు చూశాను గాని, ఈ ఒక్క విద్యకు ప్రకటన నా కంటబడలేదు.

2023 మార్చిలో రాయదుర్గంలో టి-వర్క్స్ ప్రారంభమైంది. ఎవరైనా తమ ఊహను నమూనాగా చేసుకోగల యంత్రశాల అది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే నేరుగా అక్కడికి చేరవచ్చు. అట్టి చోట ఒక మూలన ఒక వృద్ధ ఉస్తాదుకు రంగు డబ్బా, సమతలపు పలక, చేతి ఉలి ఇచ్చి కూర్చోబెడితే బాగుండునని నా కోరిక.

మీలో ప్రాగాలోనో, హెచ్.ఎం.టి.లోనో, ఆల్విన్‌లోనో పనిచేసిన పెద్దలు ఇంట్లో ఉంటే, వారు ఆ పనులకు వాడిన మాటలను అడిగి వ్రాసి ఉంచండి. ఆ పనిముట్ల పేర్లలో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు ఎట్లా కలిసిపోయాయో ఏ నిఘంటువులోనూ ఇంకా ఎక్కలేదు. మీ వ్యాఖ్యల కోసం ఎదురుచూస్తాను.